వరద తగ్గాక ఊరు మళ్లీ నిలబడాలంటే: డబ్బు ఎక్కడుంటుంది, కాగితం ఎట్టా కదలాలి

పెన్నకి నీళ్లొచ్చి పోయాక మొదటి వారం అందరూ వస్తారు. పులిహోర పొట్లాలు, నీళ్ల ప్యాకెట్లు, దుప్పట్లు, ఫొటోలు. అసలు పని మొదలయ్యేది వాళ్లంతా వెళ్లిపోయాక, మూడో నెలలోనో నాలుగో నెలలోనో, అప్పటికి మనం గోడలకి రంగులేసుకుని, తడిసిన పరుపులు పారేసి, ఆ సంగతే మర్చిపోయి ఉంటాం. నెల్లూరులో పొర్లుకట్ట (ఏటి వరద ఊళ్లోకి రాకుండా వేసిన కట్ట) పక్కన ఉండేవాళ్ల కోసం రాస్తున్నా, గూడూరు, ఒంగోలు వాళ్లకీ చాలావరకు పనికొస్తుంది.

ముందు గీత గీయండి. నీళ్లు తగ్గిన రోజే, గోడ మీద బురద చార తడి ఆరకముందే మేకుతో గీసి, టేపు పెట్టి కొలిచి, కొలత కనపడేట్టు ఫొటో తీయండి. 2021 నవంబరులో మా ఇంట్లో నీళ్లు స్విచ్‌బోర్డు కింది అంచుదాకా వచ్చాయి. నేను గీతైతే గీశాను కానీ ఫొటో తీయలేదు, సంక్రాంతికి పెయింటర్ దాని మీద రెండు పూతలు రంగు వేసేశాడు. తర్వాత కొలతలకి వచ్చినాయన నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయని అడిగితే మా వీధిలో ఒకాయన మోకాళ్లదాకా అన్నాడు, ఎదురింటావిడ మొలలోతు అంది, ఆయన మధ్యలో ఏదో రాసుకుని పోయాడు. కట్ట ఎంత ఎత్తు పెంచాలి, కల్వర్టు ఎంత వెడల్పుండాలి, కొత్త ఇంటి పునాది ఎంత లేపాలి అన్న లెక్కలన్నీ ఆ మట్టం దగ్గరే మొదలవుతాయి. వీధికి పది ఇళ్ల ఫొటోలు కలిపి వార్డు సచివాలయంలో ఇచ్చి, రసీదు తీసుకోండి. రసీదు లేని అర్జీ ఇవ్వనట్టే లెక్క.

తర్వాత, వచ్చింది ఏ నీళ్లో తేల్చుకోండి. చాలా కాలనీలు పొరపాటు చేసేది ఇక్కడే. 2021లో వచ్చింది ఏటి నీళ్లు: పైన పెన్నలో కలిసే చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది, పెన్న మీదున్న సోమశిల జలాశయం నుంచి 5 లక్షల క్యూసెక్కులు దాటి వదిలారు, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి, హైవే కూడా తెగింది. 2015 నవంబరుది వేరే కథ, జిల్లా అంతా వానలు దంచి చెరువులూ వాగులూ పొంగాయి. ఏటి నీళ్లని ఆపడానికి గోడ కావాలి, వాన నీళ్లు పోవడానికి దారి కావాలి. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం. గోడ కట్టమని ధర్నా చేస్తాం, గోడ వస్తుంది, రిబ్బన్ కట్ చేస్తారు, తర్వాత కార్తీకంలో రెండు రోజులు వాన పడితే వీధిలో నీళ్లు ఏట్లోకి పోవడానికి సందు ఉండదు, తొట్టిలో కూర్చున్నట్టు కూర్చుంటాం. అందుకని గోడ అడిగినప్పుడే అందులో తూములు, ఆ తూములకి ఏరు పొంగితే మూసుకునే షట్టర్లు, అవి మూసినప్పుడు లోపలి నీళ్లు తోడటానికి పంపులు, ఆ పంపులకి కరెంటు పోతే నడిపే జనరేటరు, ఇవన్నీ అదే ఎస్టిమేట్‌లో ఉన్నాయో లేదో చూడండి. నాకు తెలిసిన ఒకచోట కల్వర్టు రెండింతలు చేశారు, దాని కింది కాలవ మాత్రం పాత వెడల్పే, నీళ్లు ఇప్పుడు ఇంకో వీధిలో నిలుస్తున్నాయి. ఏం చెప్పమంటారు.

ఇక డబ్బు. నష్టపరిహారం వేరు, పునర్నిర్మాణం వేరు, రెండూ ఒకే జేబులోంచి రావు. విపత్తుల కోసం పెట్టే రాష్ట్ర నిధిలో మనలాంటి రాష్ట్రాలకి కేంద్రం 75 శాతం, రాష్ట్రం 25 శాతం వేస్తాయి. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు దాన్ని ఇట్టా పంచింది: 40 శాతం తక్షణ సాయానికి, 30 శాతం పునర్నిర్మాణానికి, 10 శాతం ముందస్తు ఏర్పాట్లకి, మిగిలిన 20 శాతం ముప్పు తగ్గించే పనులకి. మనం అర్జీల్లో అడిగేదంతా ఆ మొదటి 40 గురించే. ఆ రెండో 30 అడగాలంటే విపత్తు తర్వాత ఏ రంగానికి ఎంత నష్టం, తిరిగి కట్టడానికి ఎంత కావాలి అని పద్ధతిగా వేసిన లెక్క ఉండాలి, దాన్ని ఆఫీసుల్లో పీడీఎన్‌ఏ అంటారు. మన కాలనీ పని అందులో ఒక వరుసగానైనా లేకపోతే తర్వాత ఎవరి కాళ్లు పట్టుకున్నా కష్టమే.

పెద్ద మొత్తాలు ఇంకో దారిన వస్తాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చాక ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చింది, విశాఖలో కరెంటు తీగలు భూమి లోపలికి వెళ్లింది ఆ ప్రాజెక్టులోనే. పడిపోయిన స్తంభాలే మళ్లీ పాతి ఊరుకోలేదు, అదీ తేడా. అయితే అప్పు అప్పే, ఏళ్లు పడుతుంది. వీధి కాలవలకి అంతదూరం పోనక్కర్లేదు, కార్పొరేషన్‌కొచ్చే ఆర్థిక సంఘం గ్రాంట్లు, సొంత పన్నులు ఉంటాయి. గ్రాంట్లలో కొంత భాగం నీళ్లకీ పారిశుధ్యానికే ఖర్చుపెట్టాలని షరతు ఉంటుంది కాబట్టి మీ పనిని ఏ పద్దు కింద అడుగుతున్నారో ముందే ఇంజినీరింగ్ విభాగంలో కనుక్కోండి, తప్పు పద్దు రాస్తే ఫైలు తిరిగొస్తుంది.

ఎవరిని అడగాలి? సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వడం మనకి అలవాటే, అది మానొద్దు. 2025లో విపత్తు నిర్వహణ చట్టం మార్చాక మునిసిపల్ కార్పొరేషన్ ఉన్న నగరాలకి కమిషనర్ అధ్యక్షతన, కలెక్టర్ ఉపాధ్యక్షుడిగా సొంత విపత్తు సంస్థ పెట్టుకునే వీలొచ్చింది. నెల్లూరు, ఒంగోలు రెండూ కార్పొరేషన్లే. మన ఊరికి ఆ సంస్థ పెట్టారా, పెడితే ప్లాన్ ఏది అని సమాచార హక్కు కింద ఒక కాగితం పెట్టండి. పది రూపాయల పని.

డీపీఆర్ (పని వివరాలు, ఖర్చుల లెక్క ఉండే ప్రాజెక్టు నివేదిక) చేతికొస్తే మొత్తం చదవక్కర్లేదు. ఖర్చుల పట్టికలో నిర్వహణ అని ఒక వరుస ఉందా చూడండి చాలు. కాలవ తవ్వడానికి కోట్లుంటాయి, ఏటా పూడిక తీయడానికి ఏమీ ఉండదు, రెండేళ్లకి తుంగ మొలుస్తుంది. ఆ వరుస లేకపోతే టెండరు పిలవకముందే రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టండి, పిలిచాక ఎవరూ వినరు.

పని అయిపోయాక కూడా అక్టోబరు మొదటి వారంలో, వానలు ముదరకముందే, వీధిలో నలుగురు కలిసి ఇంజినీరుని తూము దగ్గరికి పిలవండి. షట్టరు ఒకసారి దించి, ఎత్తి చూపించమనండి. పోయినేడాది మేం పిలిస్తే ఆయన వచ్చాడు, షట్టరు తిప్పే హ్యాండిల్ మాత్రం ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు, వాచ్‌మన్ ఇంట్లో మంచం కింద దొరికేసరికి మధ్యాహ్నమైంది.