బంగారం పరీక్ష ద్రావణాలు – 3వ పాఠం: ఊదా వచ్చి మాయమైతే

పోయిన పాఠంలో స్టానస్ క్లోరైడ్ (తగరాన్ని యాసిడ్‌లో కరిగించి చేసే పరీక్ష ద్రావణం, బంగారం తగిలితే ఊదా రంగు చూపిస్తుంది) చేసిన చాలామందికి సీసాలో పాలు తయారయ్యాయి. యాసిడ్ ఘాటుకు జడిసి ముందే నీళ్ళు పోశారు, అంతే. యాసిడ్ తోడు లేని స్టానస్ క్లోరైడ్ నీళ్ళలో తెల్లగా విరిగిపోతుంది. పారబోయక్కర్లేదు. గాఢ హైడ్రోక్లోరిక్ యాసిడ్ చుక్కచుక్కగా వేస్తే తేటపడుతుంది. అప్పటికీ అడుగున తెల్ల మడ్డి మిగిలితే మీ తగరాన్ని అనుమానించండి. తగరం కోసం 60/40 సోల్డరు తీగ (60 వంతులు తగరం, 40 వంతులు సీసం) వాడితే ఆ మడ్డి సీసపు క్లోరైడ్. పైతేట వంచుకుని వాడుకోవచ్చు. సీసం లేని సోల్డరు కొంటే ఈ గోలే ఉండదు.

కొలత మళ్ళీ చెబుతున్నా: సన్నగా తరిగిన తగరం 1 గ్రాము, గాఢ హైడ్రోక్లోరిక్ 30 మి.లీ., వేడినీళ్ళ గిన్నెలో నిలబెట్టి కరగనివ్వాలి. కరిగాక ఇంకో చిన్న తగరం ముక్క సీసాలోనే వదిలెయ్యండి. గాలి సోకి పాడయ్యే ద్రావణాన్ని అది మళ్ళీ దారికి తెస్తుంది. ఆ ముక్క ఉన్నంతకాలం హైడ్రోజన్ వస్తూనే ఉంటుంది కాబట్టి మూత బిగించొద్దు. నేనైతే నెల దాటింది నమ్మను.

ఇక అసలు తంటా. చుక్క పడగానే ఊదా మెరిసి, చూస్తుండగానే వెలిసిపోయిందా? “బంగారం లేదు” అని రాసుకోకండి. ద్రవరాజంలో (బంగారాన్ని కరిగించే నైట్రిక్, హైడ్రోక్లోరిక్ యాసిడ్ల మిశ్రమం) మిగిలిపోయిన నైట్రిక్ ఆ బంగారాన్ని మళ్ళీ కరిగించేస్తోంది. నైట్రిక్ మరీ ఎక్కువైతే ఆ మెరుపు కూడా కనబడదు, లేదనుకుని పారబోస్తే బంగారమంతా కాలవపాలవుతుంది. తేల్చుకోవడానికి తెల్ల టైలు ముక్క మీద మూడు చోట్ల చూడండి. మొదటి చోట తెలిసిన బంగారు ద్రావణం చుక్క, దాని మీద స్టానస్: ఊదా రాకపోతే మీ స్టానస్ చచ్చింది. రెండో చోట మీ ద్రావణం, స్టానస్. మూడో చోట మీ ద్రావణంలోనే తెలిసిన బంగారు చుక్క కలిపి, ఆపైన స్టానస్. మొదటి చోట వచ్చిన ఊదా మూడో చోట నిలవకపోతే దోషి నైట్రిక్కే. మూడో చోట నిలిచి రెండో చోట రాకపోతేనే “కనబడేంత బంగారం లేదు” అనండి.

నైట్రిక్‌ను చంపడానికి యూరియా వేయమంటారు. నేను వెయ్యను. అది నైట్రస్ యాసిడ్‌ను తింటుంది గానీ నైట్రిక్‌ను అంతగా ముట్టదు. వేడి ద్రావణంలో సల్ఫామిక్ యాసిడ్ చిటికెడు చొప్పున వేయండి, బుస్సుమంటుంది. బుస ఆగేదాకా ఆగి ఇంకో చిటికెడు. ఒకేసారి చెంచాడు వేస్తే పొంగి బల్ల మీదుంటుంది.

రాగి ఎక్కువున్న ఆకుపచ్చటి ద్రావణంలో స్టానస్ పడగానే ముదురు గోధుమ రంగు రావచ్చు, అది రాగి పనే. ఇంకో రెండు చుక్కలు వేస్తే వెలిసిపోతుంది. నారింజ, ఎరుపు వస్తే ప్లాటినం; ఆకుపచ్చ, నీలిపచ్చ వైపు మళ్ళితే పల్లాడియం.

రెండో సాక్ష్యానికి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) పలుకు చాలు. చుక్కలో వేస్తే పలుకు చుట్టూ గోధుమ రంగు బంగారపు పొడి పేరుకుంటుంది. ప్లాటినాన్ని అది కదపదు. ఇదీ నైట్రిక్ పోయాకే చెయ్యాలి.

పరీక్ష చుక్కలు పెద్ద గిన్నెలోకి తిరిగి వెయ్యొద్దు. విడిగా ఒక సీసాలో పోగెయ్యండి.

అభ్యాసం: 22 క్యారెట్ ముక్క 110 మి.గ్రా. ద్రవరాజంలో కరిగించి, నైట్రిక్ చంపి, తెల్ల వెండి మడ్డి వడగట్టి, 100 మి.లీ.కి పెంచండి. లీటరుకు సుమారు 1000 మి.గ్రా. బంగారం. అందులోంచి 1 మి.లీ. తీసి, ఒక వంతు హైడ్రోక్లోరిక్‌కు తొమ్మిది వంతుల నీళ్ళు కలిపిన ద్రవం 9 మి.లీ.లో వేస్తే లీటరుకు 100 మి.గ్రా. అలాగే 10, ఆపైన 1. నాలుగింటినీ టైలు మీద వరసగా పరీక్షించి, నిమిషం తర్వాత రంగు రాసుకోండి. తర్వాత ఒక్కోదాంట్లో ఒక నైట్రిక్ చుక్క కలిపి మళ్ళీ మొత్తం చెయ్యండి. ఏ మెట్టు దగ్గర మీ కంటికి ఊదా ఆగిపోయిందో రెండు వరసల్లోనూ గీత గీసి ఉంచండి, 4వ పాఠం అక్కణ్ణించే మొదలవుతుంది.