షుగర్ ఉన్న గర్భిణికి కంటి పరీక్షలు – 3వ పాఠం: రిపోర్టు చూసి తేదీలు వేయడం

రెటీనా (కంటి వెనుక వెలుగును పట్టే పొర) ఫోటోలో ఎర్రచుక్కలు, పసుపు మచ్చలు ఎలా ఉంటాయో 2వ పాఠంలో చూశాం. ఇప్పుడు రిపోర్టు పట్టుకుని తేదీలు వేద్దాం. గర్భానికి ముందే టైప్ 1 గానీ టైప్ 2 గానీ ఉన్నవాళ్లకే ఈ పద్ధతి. గర్భంతో కొత్తగా వచ్చిన షుగర్‌కు ఇది వర్తించదు.

కాగితం మీద ముందు ఇవి రాయండి: షుగర్ వచ్చి ఎన్నేళ్లు, చివరి హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే రక్తపరీక్ష), బీపీ, రెటినోపతీ (షుగర్ వల్ల రెటీనా దెబ్బతినడం) దశ. అన్నిటికన్నా దశే ముఖ్యం. ‘చూపు బాగానే ఉంది’ అన్న మాటను లెక్కలోకి తీసుకోవద్దు. మాక్యులా (రెటీనా నడిమి భాగం) దెబ్బతినేదాకా, లేదా కంట్లో రక్తం చిమ్మేదాకా చూపు తగ్గకపోవచ్చు.

మొదటి పరీక్ష గర్భం దాల్చక ముందే జరగాలి. కుదరకపోతే మొదటి మూడు నెలల్లో. రెటీనా శుభ్రంగా ఉంటే మళ్లీ 28వ వారంలో చూస్తే చాలు. మచ్చలు కనిపిస్తే మధ్యలో 16–20 వారాలకు ఇంకొకటి కలపండి. తీవ్ర దశయితే ఈ లెక్క చాలదు, తేదీలు రెటీనా డాక్టరే నిర్ణయించాలి. ప్రసవంతో పని అయిపోదు, ఆ తర్వాత ఏడాదిపాటు చూపించుకోవాలి.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. హెచ్‌బీఏ1సీ 10 నుంచి 6.5కి త్వరత్వరగా దిగితే అందరూ సంతోషిస్తారు, కానీ రెటినోపతీ అప్పుడే ముదరవచ్చు. ఎక్కువ షుగర్‌కు అలవాటుపడ్డ రెటీనాకు రక్తప్రవాహం ఒక్కసారిగా తగ్గి, ఆక్సిజన్ చాలకపోవడం ఒక కారణమని భావిస్తారు. అలాగని షుగర్‌ను పెరగనివ్వకూడదు. బిడ్డ అవయవాలు ఏర్పడేది తొలి వారాల్లోనే. కాబట్టి షుగర్ వేగంగా తగ్గుతుంటే తదుపరి కంటి పరీక్షను అనుకున్న తేదీకన్నా ముందుకు జరపాలి. బీపీ పెరిగినా అంతే.

పరీక్షకు కనుపాప పెద్దదయ్యే చుక్కలు వేస్తారు. వేశాక కంటి లోపలి మూలను ఒకట్రెండు నిమిషాలు నొక్కి ఉంచితే మందు ఒంట్లోకి తక్కువగా వెళుతుంది. కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది, వాహనం నడపవద్దు. ఫోటో, ఓసీటీ స్కాన్‌ (వెలుగుతో రెటీనా పొరలను చూపే స్కాన్)తో భయం లేదు. రక్తంలోకి రంగు ఎక్కించి తీసే యాంజియోగ్రామ్‌ను మాత్రం సాధారణంగా గర్భంలో చేయరు. అవసరమైతే లేజర్ చేయించుకోవచ్చు. కంట్లో వేసే యాంటీ వీఈజీఎఫ్ (కొత్త రక్తనాళాలు పెరగకుండా ఆపే మందు) ఇంజెక్షన్లను, ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో, వీలైనంతవరకు మానేస్తారు.

అభ్యాసం: 6వ వారం గర్భిణి, టైప్ 1 వచ్చి 14 ఏళ్లు, హెచ్‌బీఏ1సీ 9.2, రెటినోపతీ మధ్యస్థ దశ. ఈమెకు తేదీలు వేయండి, ఏవి ముందుకు జరుపుతారో కారణంతో రాయండి. జవాబు 4వ పాఠంలో.