స్విచ్ నేర్చుకుందాం – 4వ పాఠం: ఐపీ అడ్రస్ ఏ పోర్టుకు?

పోయిన పాఠంలో నెట్‌వర్క్ స్విచ్‌లో వీల్యాన్ 10 (ఒకే స్విచ్‌లో విడిగా పనిచేసే చిన్న నెట్‌వర్క్) తయారుచేసి, రెండు పోర్టులను అందులో కలిపాం. ఇవాళ స్విచ్‌కు ఐపీ ఇద్దాం. అమీర్‌పేట కోచింగ్‌లకు వెళ్లే తీరిక లేక, డ్యూటీ అయ్యాక రాత్రిపూట ఇంట్లో కూర్చుని నేర్చుకునేవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో పాత సిస్కో స్విచ్ దొరికితే మంచిదే. లేకపోతే కంప్యూటర్‌లోనే స్విచ్‌ను నడిపి చూపే సిస్కో సాఫ్ట్‌వేర్ ప్యాకెట్ ట్రేసర్ చాలు.

"24 పోర్టులున్నాయి కదా, ఐపీ ఏ పోర్టుకివ్వాలి?" అని చాలామంది అడుగుతారు. మామూలు (లేయర్ 2) స్విచ్‌లో ఏ పోర్టుకూ ఇవ్వం. ఫ్రేములను, అంటే డేటా ముక్కలను, అటూ ఇటూ పంపడానికి దానికి మ్యాక్ అడ్రసులు (ప్రతి పరికరానికీ ఉండే హార్డ్‌వేర్ నంబర్లు) చాలు. ఐపీ అవసరం మనకే, సీటు దగ్గర నుంచే దానిలోకి లాగిన్ కావడానికి. అందుకే వీల్యాన్ పేరుమీద ఉండే ఇంటర్‌ఫేస్‌కు, అంటే ఎస్‌వీఐకి (స్విచ్ వర్చువల్ ఇంటర్‌ఫేస్), ఇస్తాం.

స్విచ్‌ను నేరుగా కంప్యూటర్‌కు కలిపే కన్సోల్ కేబుల్ పెట్టి, టెర్మినల్ ప్రోగ్రామ్‌లో స్పీడు 9600 ఎంచుకుని, ఈ కమాండ్లు ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేయండి:

ఎనేబుల్
కాన్ఫిగర్ టెర్మినల్
ఇంటర్‌ఫేస్ వీల్యాన్ 10
ఐపీ అడ్రస్ 192.168.10.2 255.255.255.0
నో షట్‌డౌన్
ఎగ్జిట్
ఐపీ డిఫాల్ట్-గేట్‌వే 192.168.10.1
ఎండ్

చివర్లో ఉన్న గేట్‌వే (వేరే నెట్‌వర్క్‌లకు దారి చూపే రూటర్ అడ్రస్) లైను మరిచిపోతే పక్కనున్న సిస్టమ్ నుంచి పింగ్ (జవాబు వస్తోందా అని చూసే పరీక్ష) వస్తుంది, వేరే నెట్‌వర్క్ నుంచి రాదు. రూటర్ పని కూడా చేసే లేయర్ 3 స్విచ్‌లో ఐపీ రౌటింగ్ ఆన్‌లో ఉంటే ఈ లైను పనిచేయదు, డిఫాల్ట్ రూట్ రాయాలి.

ఇప్పుడు "షో ఐపీ ఇంటర్‌ఫేస్ బ్రీఫ్" కొట్టండి. కొత్తవాళ్లకు టెన్షన్ మొదలయ్యేది ఇక్కడే. అడ్రస్ కరెక్టు, షట్‌డౌన్ తీశాం, అయినా ప్రోటోకాల్ కింద డౌన్ అని ఉంటుంది. కమాండ్లను మళ్లీ మళ్లీ కొట్టకండి, తప్పు అక్కడ లేదు. వీల్యాన్ 10 నిజంగా తయారై ఉండాలి, దానిలోని ఒక్క పోర్టుకైనా ప్రాణం ఉండాలి. కేబుల్ లేని వీల్యాన్‌కు ఎస్‌వీఐ లేవదు. కేబుల్ పెట్టిన వెంటనే కూడా లేవకపోవచ్చు. స్పానింగ్ ట్రీ (నెట్‌వర్క్‌లో డేటా గుండ్రంగా తిరగకుండా ఆపే ఏర్పాటు) వినడానికి 15 సెకన్లు, నేర్చుకోవడానికి 15 సెకన్లు తీసుకుంటుంది. ఆ అర నిమిషం ఆగండి.

ఇంకొక్క జాగ్రత్త. మాదాపూర్‌లోని ఒక ఆఫీసు స్విచ్‌కు ఇంటి నుంచే ఎస్‌ఎస్‌హెచ్‌లో (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) ఐపీ మార్చాను. ఒక అంకె తప్పు పడింది. ఎంటర్ కొట్టగానే సెషన్ బిగుసుకుపోయింది. కొత్త ఐపీ ఆ క్షణం నుంచే అమల్లోకి వస్తుంది, పాతది పోతుంది. రాత్రి పదకొండింటికి కన్సోల్ కేబుల్ పట్టుకుని దిల్‌సుఖ్‌నగర్ నుంచి బయలుదేరాను.

అప్పటి నుంచి దూరంగా ఉండి ఐపీ మార్చే ముందు, ఉన్న కాన్ఫిగరేషన్‌ను సేవ్ చేసి "రీలోడ్ ఇన్ 10" కొడతాను. తప్పు చేసి బయట ఉండిపోయినా, పది నిమిషాలకు స్విచ్ రీస్టార్టయి, సేవ్ చేసిన పాత ఐపీతోనే లేస్తుంది. మార్పు సరిగ్గా కుదిరితే మాత్రం కొత్త ఐపీతో లాగిన్ అయి వెంటనే "రీలోడ్ క్యాన్సిల్" కొట్టాలి. ఆ తర్వాతే సేవ్ చేయాలి:

కాపీ రన్నింగ్-కాన్ఫిగ్ స్టార్టప్-కాన్ఫిగ్

వచ్చే పాఠానికి వీల్యాన్ 20 కూడా తయారుచేసి, అందులో ఒక సిస్టమ్ పెట్టి ఉంచండి. ఆ రెండింటి మధ్య పింగ్ ఎందుకు రాదో అప్పుడు చూద్దాం.