సొంత ఆసుపత్రి నుంచి కార్పొరేట్ ఉద్యోగానికి: ఉత్తర తెలంగాణ వైద్యులకు ఒక మార్గదర్శి

హనుమకొండ, కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల వంటి పట్టణాలలో పది ఇరవై పడకల నర్సింగ్ హోమ్ నడుపుతూ, దాన్ని మూసివేసి ఉద్యోగంలో చేరుదామా అని ఆలోచిస్తున్న వైద్యుల కోసం ఈ వ్యాసం. ఉద్యోగం ఎక్కడ దొరుకుతుందన్నది అందరూ మొదట అడిగే ప్రశ్న. నా దృష్టిలో అది మూడవది. మీరు వదులుకోవాలనుకుంటున్నది ఆసుపత్రి యాజమాన్యాన్నా, రోగిని చూసే పనినా అన్నది మొదటి ప్రశ్న. ఉన్న ఆసుపత్రిని చిక్కులు లేకుండా మూయడానికి ఎంత కాలం పడుతుందన్నది రెండవది. ఈ రెండూ తేలకముందే ఉద్యోగ నియామక పత్రం మీద సంతకం చేస్తే, చేరవలసిన తేదీ దగ్గరపడేకొద్దీ అన్నీ తొందరలో జరుగుతాయి.

మొదటి ప్రశ్నకు జవాబు ఆలోచనతో కాక రాతతో తేల్చుకోవడం మంచిది. ఒక నెలపాటు, రోజు ముగిశాక, ఆ రోజు మిమ్మల్ని విసిగించిన పనులేమిటో డైరీలో రాసుకోండి. సిబ్బంది చెప్పకుండా మానేయడం, ఆరోగ్యశ్రీ బిల్లులు నెలల తరబడి రాకపోవడం, కరెంటు, ఆక్సిజన్, బ్యాంకు వాయిదాలు, కమీషన్ కోసం ఆర్‌ఎంపీల (ఊళ్ళలో వైద్య పట్టా లేకుండా వైద్యం చేసేవారి) ఫోన్లు వంటివే పేజీలు నింపితే మీకు బరువైనది యాజమాన్యం, రోగి కాదు. అటువంటివారు కార్పొరేట్ ఆసుపత్రిలో కన్సల్టెంటుగా చేరితే చాలు, వృత్తి మారనక్కరలేదు. అలా కాక అర్ధరాత్రి ఎమర్జెన్సీలు, రోగి బంధువుల గొడవలు, ఏళ్ళ తరబడి అవే జ్వరాలు, అవే మధుమేహాలు అని రాసుకున్నవారు ఔషధ పరిశ్రమ, క్లినికల్ పరిశోధన, ఆరోగ్య బీమా రంగాల వైపు చూడాలి.

కార్పొరేట్ ఆసుపత్రిలో చేరేవారు అడగవలసినవి

ఉత్తర తెలంగాణలో సొంత ప్రాక్టీసు గురించి రాస్తూ ఆర్‌ఎంపీల ప్రస్తావన దాటవేయడం నిజాయితీ అనిపించుకోదు. రోగిని పంపినందుకు కమీషన్ ఇవ్వడాన్నీ తీసుకోవడాన్నీ భారత వైద్య మండలి 2002 నాటి వృత్తి ప్రవర్తనా నియమావళి నిషేధించింది. ఊళ్ళలో మాత్రం ఆ లావాదేవీ ఆగలేదు. దీనికి విసిగి పెద్ద ఆసుపత్రిలో చేరే వైద్యుడు ఒక విషయం గమనించాలి: అక్కడ ఆ పని మీ చేతినుంచి తప్పుకుంటుందే గాని, ఒక్కోచోట మార్కెటింగ్ విభాగం పేరుతో సాగుతూనే ఉంటుంది. అందువల్ల ఇంటర్వ్యూలోనే నెలకు ఎన్ని అడ్మిషన్లు, ఎన్ని శస్త్రచికిత్సలు ఆశిస్తున్నారో సూటిగా అడగండి. జవాబు నసుగుతూ వస్తే అదే జవాబు అనుకోవాలి.

వేతనం విషయంలో మొదటి ఏడాదో రెండేళ్ళో కనీస హామీ మొత్తం ఇచ్చి, ఆ తరువాత మీరు తెచ్చిన రాబడిలో వాటాకు మార్చడం సాధారణ పద్ధతి. హామీ మొత్తం ఎంత అన్నదానికన్నా హామీ ముగిశాక వాటా ఏ మొత్తం మీద లెక్కిస్తారన్నది ముఖ్యం. మందులు, ఇంప్లాంట్లు, రాయితీలు, బీమా సంస్థ కోతలు తీసివేశాక మిగిలినదాని మీద లెక్క కడితే శాతం పెద్దదిగా కనబడినా చేతికి వచ్చేది చిన్నది. ఉద్యోగం మానిన తరువాత ఇన్ని కిలోమీటర్ల లోపల ప్రాక్టీసు పెట్టరాదన్న షరతు ఒప్పందంలో తరచుగా కనిపిస్తుంది. భారత కాంట్రాక్టు చట్టం, 1872, 27వ సెక్షన్ ప్రకారం ఉద్యోగానంతర నిషేధం సాధారణంగా చెల్లదు; కాని ఉద్యోగంలో ఉన్నంత కాలం బయట ప్రాక్టీసు చేయరాదన్న షరతు చెల్లుతుంది. ఆదివారం హనుమకొండలో ఓపీ చూసుకుందామనుకునేవారు దానికి రాతపూర్వక అనుమతి ముందుగానే తీసుకోవాలి.

రోగికి దూరంగా ఉండే ఉద్యోగాలు

మన వైద్యులకు అందుబాటులో ఉన్న అవకాశాలలో ఔషధ భద్రత విభాగం మొదటిదని నా అభిప్రాయం. హైదరాబాదులో స్వదేశీ ఔషధ సంస్థలతో పాటు నొవార్టిస్, సనోఫీ వంటి బహుళజాతి సంస్థల కేంద్రాలు ఉండటం, ఎంబీబీఎస్ అర్హత చాలాచోట్ల సరిపోవడం దీనికి కారణాలు. మందు వాడిన రోగికి కలిగిన ప్రతికూల ప్రభావం గురించి వచ్చిన నివేదికను చదివి, అది తీవ్రమైనదా, మందు సమాచార పత్రంలో ముందే పేర్కొన్నదా, మందుకూ దానికీ సంబంధం ఉందా అని నిర్ణయించడం అక్కడి వైద్యుని పని. తీవ్రమైన కేసును నియంత్రణ సంస్థకు 15 రోజులలోపు, క్లినికల్ ట్రయల్‌లో ఊహించని మరణమో ప్రాణాపాయమో జరిగితే 7 రోజులలోపు పంపాలన్న గడువులు చాలా దేశాలలో అమలులో ఉన్నాయి. పని మొత్తం ఆ గడువుల చుట్టూ తిరుగుతుంది. మన దేశంలో ఈ విభాగానికి బాధ్యుడు శిక్షణ పొందిన వైద్యుడో ఫార్మసిస్టో అయి ఉండాలని నిబంధన. ఇరవై ఏళ్ళు రోగులను చూసిన కన్ను ఇక్కడ నిజంగా ఉపయోగపడుతుంది: దద్దురు మందువల్ల వచ్చిందా, జ్వరంవల్ల వచ్చిందా అన్నది పుస్తకం కన్నా అనుభవమే బాగా చెబుతుంది.

క్లినికల్ పరిశోధన సంస్థలలో చేరదలచినవారు 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమావళిని చదవనిదే ఇంటర్వ్యూకు వెళ్ళరాదు. తీవ్ర ప్రతికూల ఘటనను పరిశోధకుడు 24 గంటలలోపు తెలియజేయాలి, విశ్లేషణతో కూడిన నివేదిక 14 రోజులలోపు చేరాలి అన్న రెండు అంశాలు తప్పక అడుగుతారు. ఔషధ సంస్థలలో మెడికల్ అడ్వైజర్ ఉద్యోగాలకు ఎండీ, అందులోనూ ఫార్మకాలజీ లేదా జనరల్ మెడిసిన్ చేసినవారికి మొగ్గు ఉంటుంది. వైద్యులకు బహుమతులూ విహారయాత్రలూ ఇవ్వరాదన్న 2024 నాటి ఔషధ విక్రయ ప్రవర్తనా నియమావళి అమలు చూడటంలో వారికీ పాత్ర ఉంటుంది. నిన్నటిదాకా మెడికల్ రిప్రజెంటేటివ్ బల్లకు అటువైపు కూర్చుంటే ఇక మీరే అటువైపు కూర్చుంటారు.

ఆరోగ్య బీమా సంస్థలలో క్లెయిములు పరిశీలించే పని సులువుగా దొరుకుతుంది గాని తీరిక తక్కువ. నగదురహిత చికిత్సకు గంటలోపు, డిశ్చార్జికి మూడు గంటలలోపు అనుమతి తేల్చాలని బీమా నియంత్రణ సంస్థ 2024లో ఆదేశించిన తరువాత షిఫ్టుల పద్ధతి మరింత బిగిసింది.

ఏ రంగమైనా, యాభై ఏళ్ళ వైద్యుడు ముప్పై ఏళ్ళ మేనేజరు కింద పనిచేయవలసి రావచ్చు. మొదటి జీతం సొంత ప్రాక్టీసు రాబడి కన్నా తక్కువగా ఉండటమూ మామూలే. ఇది ఇంట్లో ముందుగా మాట్లాడుకోవలసిన సంగతి.

బయోడేటాలో చదివిన కళాశాల, ఆసుపత్రి పెట్టిన సంవత్సరం, పడకల సంఖ్య రాసి వదిలేయకండి. కాకతీయ వైద్య కళాశాల, ఎంజీఎం అన్న పేర్లు వరంగల్‌లో చెప్పేంత బరువు హైదరాబాదులోని మానవ వనరుల విభాగానికి చెప్పవు. ఎంతమంది సిబ్బందిని నడిపారు, ఆరోగ్యశ్రీ ముందస్తు అనుమతులు ఎలా నిర్వహించారు, ఇన్ఫెక్షన్ నియంత్రణకు ఏ పద్ధతి పెట్టారు అన్నవి రాయాలి. ఆసుపత్రి ఇంకా నడుస్తుండగానే, మందుల ప్రతికూల ప్రభావాలను ఘాజియాబాద్‌లోని భారత ఫార్మకోపియా కమిషన్ నడిపే జాతీయ ఔషధ భద్రతా కార్యక్రమానికి నివేదించడం మొదలుపెట్టండి. చేయవలసిన పనే, పైగా ఇంటర్వ్యూలో చూపడానికి అంతకన్నా మంచి రుజువు ఉండదు.

ఆసుపత్రి మూయడం

అసలు శ్రమ ఇక్కడే ఉంటుంది. మూసివేత తేదీని మీ స్పెషాలిటీ నిర్ణయిస్తుంది. ప్రసూతి వైద్యులైతే కొత్త గర్భిణుల నమోదు ఆపిన తరువాత, అప్పటికే నమోదైన చివరి గర్భిణి ప్రసవం దాకా ఆసుపత్రి నడపాలి, లేదా ఆమెను మరో వైద్యురాలికి పత్రాలతో సహా అప్పగించాలి. మధుమేహం, మూర్ఛ, గుండె జబ్బు వంటివాటికి నెలనెలా వచ్చే రోగులకు కనీసం మూడు నెలల ముందు చెప్పి, వారి కాగితాల నకలు చేతికివ్వాలి. తలుపు మీద తెలుగులో నోటీసు అతికించడం చిన్న విషయమే, కాని పరకాల నుంచో ములుగు నుంచో బస్సెక్కి వచ్చిన మనిషికి అది ఒక్కటే సమాచారం.

రికార్డుల విషయంలో రెండు లెక్కలు కలిపి చూడాలి. ఇన్‌పేషెంట్ల రికార్డులను చికిత్స మొదలైన నాటినుంచి 3 సంవత్సరాలు భద్రపరచాలనీ, రోగి అడిగితే 72 గంటలలోపు ఇవ్వాలనీ 2002 నియమావళి చెబుతుంది. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు గడువు 2 సంవత్సరాలే అయినా, తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది. మెడికో లీగల్ కేసుల (పోలీసులతో, కోర్టుతో ముడిపడిన కేసుల) రికార్డులైతే కోర్టు వ్యవహారం ముగిసేదాకా ఉండి తీరాలి. ఆసుపత్రి మూసినా బాధ్యత మూతపడదు గనుక, వృత్తి బీమాను ఆ రోజే ఆపివేయడం పెద్ద పొరపాటు. ఈ పాలసీలు సాధారణంగా క్లెయిము వచ్చిన కాలంలో అమలులో ఉంటేనే వర్తిస్తాయి. చికిత్స చేసిన నాడు ఉంటే చాలదు. కనీసం మూడు నాలుగేళ్ళు కొనసాగించండి.

లైసెన్సులలో స్కానింగ్ యంత్రం అన్నిటికన్నా జాగ్రత్త కోరుతుంది. లింగ నిర్ధారణ నిషేధ చట్టం, 1994 కింద నమోదు బదిలీ కాదు. కేంద్రం మూసినా యాజమాన్యం మారినా నమోదు పత్రాన్ని జిల్లా అధీకృత అధికారికి తిరిగి ఇవ్వాలి. ఆ చట్టం కింద నమోదు లేనివారికి యంత్రం అమ్మడం నేరం. కొనేవారి నమోదు పత్రం నకలు తీసుకుని, అమ్మకాన్ని జిల్లా వైద్య, ఆరోగ్య అధికారి (డీఎంహెచ్‌ఓ) కార్యాలయానికి రాతపూర్వకంగా తెలిపి, రసీదు దాచుకోండి. గర్భిణుల స్కానింగ్ వివరాలు రాసే ఫారం ఎఫ్ రికార్డులను రెండేళ్ళు, కేసు ఉంటే అది ముగిసేదాకా ఉంచాలి. ఎక్స్‌రే యంత్రానికి అణుశక్తి నియంత్రణ మండలి ఆన్‌లైన్ విధానంలో, జీవ వ్యర్థాల అనుమతికి కాలుష్య నియంత్రణ మండలికి, లోపలి మందుల దుకాణానికి ఔషధ నియంత్రణ శాఖకు, క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్ నమోదుకు మళ్ళీ డీఎంహెచ్‌ఓకు విడివిడిగా తెలియజేయాలి.

ఆరోగ్యశ్రీ బకాయిలు ఆసుపత్రి పేరు మీద ఉన్న ఖాతాలోకే వస్తాయి కాబట్టి, చివరి రూపాయి వచ్చేదాకా ఆ బ్యాంకు ఖాతాను మూయకండి. పదిమందికి తగ్గకుండా పనిచేసిన సంస్థ అయితే, ఐదేళ్ళు నిండిన సిబ్బందికి ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున గ్రాట్యుటీ ఇవ్వవలసి ఉంటుంది. ఈ మొత్తాన్ని ఆసుపత్రి అమ్మకపు ధర మాట్లాడుకోక ముందే లెక్కించుకోవాలి. భవనాన్ని మరో వైద్యునికి అద్దెకిచ్చినప్పుడు బోర్డు మీద, చీటీల మీద, ల్యాబ్ రిపోర్టుల మీద మీ పేరు కొనసాగనివ్వకండి. పాత పేరుకు రోగులు వస్తారని కొత్తవారు బతిమాలుతారు. ఒప్పుకుంటే ఆయన చేసిన చికిత్సకు మీకు నోటీసు వస్తుంది.

పన్ను, ప్రయాణం, రిజిస్ట్రేషన్

జీతమా, కన్సల్టెంట్ రుసుమా అన్నది ఆడిటర్‌తో కూర్చుని తేల్చుకోండి. రుసుము అయితే మూలంలో 10 శాతం పన్ను కోసి ఇస్తారు, ఖర్చులు చూపుకోవచ్చు. ప్రావిడెంట్ ఫండ్, గ్రాట్యుటీ ఉండవు. ఆసుపత్రికి ఇచ్చే వైద్యసేవ మీద జీఎస్టీ లేదు. ఔషధ సంస్థకు సలహాదారుగా ఉంటే అది వైద్యసేవ కాదు కాబట్టి, ఏడాది రాబడి 20 లక్షలు దాటినప్పుడు నమోదు చేసుకుని 18 శాతం వసూలు చేసి కట్టాలి.

కాజీపేటలో రైలెక్కి రోజూ వెళ్ళి వద్దామనుకోవడం సికింద్రాబాద్ దాకా అయితే సాధ్యమే. చాలామంది ఉద్యోగులు అలా వెళ్తున్నారు. కానీ ఈ కార్యాలయాలు ఎక్కువగా మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఉంటాయి. బస్సులో ఉప్పల్ దిగి మెట్రోలో రాయదుర్గం చేరడానికే ఇంకో గంట పోతుంది. వారానికి రెండు రోజులు ఇంటినుంచి పనిచేసే వీలుంటే వరంగల్ ఇల్లు ఉంచుకోవచ్చు, లేకుంటే హైదరాబాదులో గది తప్పదు.

రోగులను చూడటం పూర్తిగా మానినా తెలంగాణ వైద్య మండలిలో మీ రిజిస్ట్రేషన్‌ను గడువు ప్రకారం పునరుద్ధరించుకుంటూ, దానికి కావలసిన సీఎంఈ (నిరంతర వైద్య విద్య) క్రెడిట్లు సంపాదించుకుంటూ ఉండండి. కంపెనీ మిమ్మల్ని తీసుకున్నది వైద్యుడిగానే గనుక ఆ పత్రం నకలు ఏటా అడుగుతుంది. ఉద్యోగం కుదరక తిరిగి ప్రాక్టీసు పెట్టుకోవలసి వస్తే డీఎంహెచ్‌ఓ కార్యాలయంలో మొదట అడిగేదీ అదే.