మైక్రోవేవ్‌లో ఓట్స్ జావ పొంగకుండా

ఓట్స్ జావ పొంగి మైక్రోవేవ్ పళ్లెమంతా అంటుకోవడానికి ముఖ్య కారణం గిన్నె చిన్నది కావడమే. ఉడికేటప్పుడు ఓట్స్‌లోని పిండిపదార్థం చిక్కబడి ఆవిరి బుడగల్ని పట్టేసుకుంటుంది, పాలు పోస్తే నురగ ఇంకా ఎక్కువ. అందుకే కప్పు కాదు, లోతైన గాజు గిన్నో పింగాణీ గిన్నో తీసుకోండి. మూడో వంతుకు మించి నింపొద్దు. అంచుకు బంగారు గీత ఉన్నది మాత్రం వద్దు, నిప్పురవ్వలు లేస్తాయి.

ఒక్కరికి 40 గ్రాముల ఓట్స్, అంటే సుమారు అర కప్పు. 120 మి.లీ. పాలు, 120 మి.లీ. నీళ్లు, చిటికెడు ఉప్పు. మూత పెట్టకుండా ఫుల్ పవర్‌లో ఒక నిమిషం, తీసి అడుగు నుంచి కలపండి. అంచులు మరుగుతున్నా నడిమధ్య ఇంకా చల్లగానే ఉంటుంది, కలపకపోతే అక్కడ గింజ పచ్చిగా మిగులుతుంది. తర్వాత పవర్ సగానికి తగ్గించి రెండు నిమిషాలు. ఇది 800 వాట్ల లెక్క. మీది 1000 అయితే అర నిమిషం తగ్గించండి. చివరి నిమిషం కళ్లు దానిమీదే ఉండాలి. నురగ అంచు దాకా వస్తే తలుపు తెరిస్తే చాలు, టక్కున దిగిపోతుంది.

బయటికి తీశాక పల్చగా కనిపిస్తే కంగారుపడి మళ్లీ పెట్టకండి. రెండు నిమిషాలు ఆగితే అదే చిక్కబడుతుంది. మరీ గట్టిపడితే రెండు చెంచాల వేడి పాలు. చక్కెర, పళ్లు ఆఖర్లోనే.

తిన్న వెంటనే గిన్నెలో చన్నీళ్లు పోసెయ్యండి. ఎండితే జిగురే!