సైకిల్ వదిలేసే ముందు సీటు మార్చి చూడండి

నా బరువు 108 కిలోలు. బెంగళూరులో సైకిల్ కొన్న మొదటి నెలలోనే దాన్ని బాల్కనీలో పడేశాను, కూర్చున్నచోట నొప్పి, అరచేతులు తిమ్మిరి, ఒళ్లు తగ్గాక తొక్కుదాంలే అనుకున్నా. నిజానికి అప్పుడు సరిచేసుకోవాల్సింది సైకిల్‌ని.

అన్నిటికన్నా ముందు సీటు. మెత్తగా ఉంటుంది కదా అని జెల్ కవర్ కొనకండి, మన బరువుకి అది కుంగిపోయి ఒత్తిడంతా పిరుదుల్లో మనం ఆనుకుని కూర్చునే రెండు ఎముకల మధ్య మెత్తటి భాగం మీద పడుతుంది, తిమ్మిరి వచ్చేది అందుకే. కాస్త గట్టిగా, ఆ ఎముకల వెడల్పుకి సరిపోయే సీటు కావాలి. అట్టపెట్టె ముక్క ఒకటి మెట్టు మీద వేసి, నిమిషంపాటు బరువంతా మోపి కూర్చుని లేవండి. వేలితో తడిమితే రెండు గుంటలు తగులుతాయి. వాటి మధ్య దూరానికి 2-3 సెంటీమీటర్లు కలిపితే మీకు కావలసిన సీటు వెడల్పు. నాకు గుంటల మధ్యే 13 వచ్చింది, సైకిల్‌తో ఇచ్చిన సీటేమో 14!

సీటు ఎత్తు చూసుకోవడం తేలిక: మడమ పెడల్ మీద పెట్టి అడుగుదాకా తొక్కితే కాలు నిటారుగా రావాలి. హ్యాండిల్ సీటు కన్నా కొంచెం పైకి ఉంటే చేతుల మీద భారం తగ్గుతుంది, తొడలు పొట్టకి తగలవు.

టైర్లు 40 మిల్లీమీటర్లు, అంతకన్నా లావువి తీసుకోండి, ఇక్కడి గుంతలకీ హంపులకీ అవే దిక్కు. గాలి ఎంత పట్టాలో టైరు పక్కనే రాసి ఉంటుంది, వెనకదానికి కాస్త ఎక్కువ పట్టించండి.

వెనక చక్రాన్ని మాత్రం అశ్రద్ధ చేయొద్దు. ఒక ఉదయం హెసరఘట్ట రోడ్డులో టింగ్‌మని చప్పుడొచ్చింది, పట్టించుకోకుండా తొక్కితే నాలుగు నిమిషాల్లో చక్రం వంకరపోయి బ్రేకుకి రాసుకోవడం మొదలైంది. చూస్తే ఒక స్పోక్ విరిగింది. 32 స్పోక్‌లకి తగ్గకుండా, దొరికితే 36 ఉన్న చక్రం వేయించుకోండి, కొత్త సైకిలైతే మొదటి కొన్ని వారాల తర్వాత స్పోక్‌ల బిగువు సరిచేయించండి. కొనేముందే ఎంత బరువు మోస్తుందో మాన్యువల్‌లో చూడండి.

ప్యాడ్ ఉన్న షార్ట్స్ లోపల ఇంకేమీ వేసుకోకూడదు, కుట్లు ఒరుసుకుంటాయి. తొడలకి వాజలిన్ రాయండి.

బెంగళూరు దగ్గరి నంది హిల్స్ ఎక్కడం ఇప్పుడే వద్దు. ఆదివారం పొద్దున కబ్బన్ పార్కులో బండ్లు తిరగవు, అక్కడ అరగంట, పక్కవాళ్లతో ఆయాసం లేకుండా మాట్లాడగలిగినంత నెమ్మదిగా తొక్కండి, చిన్న ఎత్తు వచ్చినా ముందే గేరు తగ్గించేయండి. వచ్చేవారం మళ్లీ వెళ్లాలనిపించేలా, అలసిపోకముందే ఆపి ఇంటికి రండి.