కాలేయ వాపు: కారణం మందా, ఆటోఇమ్యూన్ హెపటైటిసా?

సమస్య

కొన్ని వారాలుగా నీరసం, వికారం, ఆకలి మందగించడం ఉండి, ఆ తర్వాత కళ్లు పచ్చబడతాయి, మూత్రం ముదురు రంగులో వస్తుంది. రక్తపరీక్షలో ఏఎల్‌టీ, ఏఎస్‌టీ ఎంజైములు (కాలేయ కణాలు దెబ్బతింటే రక్తంలోకి వచ్చేవి) సాధారణ స్థాయికి ఎన్నో రెట్లు పెరిగి ఉంటాయి. ఏఎన్‌ఏ (సొంత కణాల కేంద్రకాలపై తయారయ్యే యాంటీబాడీ) పాజిటివ్‌గా, ఐజీజీ (రక్తంలోని ఒక రకం యాంటీబాడీ) ఎక్కువగా ఉంటుంది. ఇవన్నీ కలిసినప్పుడు ఆటోఇమ్యూన్ హెపటైటిస్ (సొంత రోగనిరోధక వ్యవస్థే కాలేయంపై దాడి చేసే జబ్బు) అనుకోవడం సహజమే. అయితే కొన్ని మందుల వల్ల దెబ్బతిన్న కాలేయం కూడా సరిగ్గా ఇలాగే కనిపిస్తుంది. పైగా ఏఎన్‌ఏ ఏ జబ్బూ లేనివారిలోనూ కొందరికి పాజిటివ్‌గా వస్తుంది కనుక దానికి అతిగా విలువ ఇవ్వకూడదు.

కారణం

ముందుగా హెపటైటిస్ ఎ, బి, సి, ఇ వైరస్‌లు, మద్యం, పిత్తనాళాల్లో అడ్డంకి, చిన్న వయసువారిలో విల్సన్ వ్యాధి (శరీరంలో రాగి పేరుకుపోయే వంశపారంపర్య జబ్బు) కారణం కావని తేల్చుకోవాలి. తర్వాత మందుల జాబితా. మూత్రనాళ ఇన్ఫెక్షన్లు తిరగబెట్టకుండా వాడే నైట్రోఫ్యురాంటోయిన్, మొటిమలకు ఇచ్చే మినోసైక్లిన్, రక్తపోటుకు ఇచ్చే మిథైల్‌డోపా, హైడ్రలజీన్, కీళ్లవాతానికి ఇచ్చే ఇన్‌ఫ్లిక్సిమాబ్, అరుదుగా స్టాటిన్లు ఈ కోవలోకి వస్తాయి. తిప్పతీగ వాడినవారిలోనూ ఇటువంటి కాలేయ వాపు నమోదైంది. మూలికలను చాలామంది మందుల్లో లెక్కవేయరు కాబట్టి వాటి గురించి విడిగా అడగాల్సిందే.

ఇక్కడ పొరబాటు పడేది సాధారణంగా కాలం లెక్కలోనే. కాలేయాన్ని దెబ్బతీసే మందులు ఎక్కువగా తొలి ఆరు నెలల్లోపే బయటపడతాయి గానీ, నైట్రోఫ్యురాంటోయిన్, మినోసైక్లిన్ ఏడాది దాటాక కూడా బయటపడవచ్చు. అందువల్ల "ఇన్నాళ్లూ పడిన మందే కదా" అని దానిని జాబితా నుంచి కొట్టివేయడం సరికాదు.

బయాప్సీ (కాలేయం నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) ఉపయోగపడుతుంది కానీ తీర్పు చెప్పదు, ఎందుకంటే ప్లాస్మా కణాలు (యాంటీబాడీలు తయారుచేసేవి) చేరిన వాపు రెండింటిలోనూ ఉంటుంది. కాలేయం అప్పటికే బాగా గట్టిపడి మచ్చలు కట్టి ఉంటే మాత్రం ఎంతోకాలంగా సాగుతున్న ఆటోఇమ్యూన్ వ్యాధి వైపే మొగ్గు చూపాలి.

పరిష్కారం

అనుమానిత మందును వైద్యుని సలహాతో వెంటనే ఆపి, అవసరమైతే వేరే తరగతి మందును ఎంచుకోవాలి. ఎంజైములు, బిలిరుబిన్ (కళ్లు పచ్చబడటానికి కారణమయ్యే పదార్థం), ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే వేగాన్ని చెప్పే కొలత) తరచుగా పరీక్షించాలి. సాధారణ గరిష్ఠ స్థాయితో పోలిస్తే ఏఎల్‌టీ మూడు రెట్లు దాటి, పిత్తనాళంలో అడ్డంకి లేకుండానే బిలిరుబిన్ రెండు రెట్లు మించితే ప్రాణాపాయం సుమారు పది శాతం వరకు ఉంటుంది. ఐఎన్‌ఆర్ పెరిగినా, మాట తడబడినా, మగతగా ఉన్నా ఆసుపత్రిలో చేర్చడం తప్పనిసరి.

మందు ఆపాక తగ్గకపోతే, లేదా మొదటి నుంచీ తీవ్రంగా ఉంటే, ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు. రెండు జబ్బులూ దీనికి లొంగుతాయి కనుక గుణం కనిపించినంత మాత్రాన రోగం ఏదో తేలదు. అసలు తేడా స్టెరాయిడ్‌ను క్రమంగా తగ్గించి ఆపిన తర్వాత తెలుస్తుంది: మందు వల్ల వచ్చినదైతే సాధారణంగా మళ్లీ రాదు, ఆటోఇమ్యూన్ హెపటైటిస్ అయితే చాలామందిలో తిరగబెడుతుంది. తిరగబెట్టినవారికి దీర్ఘకాల చికిత్స అవసరం. తిరగబెట్టనివారిలోనూ పరీక్షలను వెంటనే మానేయకూడదు, ఎందుకంటే లోపల దాగి ఉన్న వ్యాధిని మందు పైకి తెచ్చే సందర్భాలూ ఉన్నాయి. అనుమానిత మందును, పరీక్ష కోసమైనా సరే, మళ్లీ వాడకూడదు. రెండోసారి కాలేయం మరింత త్వరగా, మరింత తీవ్రంగా దెబ్బతినవచ్చు.